మా మామయ్యగారి మెట్ల లైటు

కరెంటు ఎక్కడో పుట్టి, స్తంభాల మీదుగా నడిచొచ్చి, ట్రాన్స్‌ఫార్మర్‌లో దిగి ఇళ్ళలోకి వస్తుందని బడిలో చెబుతారు. మిగతా ఊరి సంగతి అలాగే కావచ్చు. మా ఇంట్లో మాత్రం అది మా మామయ్యగారి కుడిచేతి బొటనవేల్లో పుడుతుంది.

ఆయన పేరు జోగేశ్వరరావు. పెనుగొండ బజారులో, అమ్మవారి గుడికి వెళ్ళే దారిలో పూజాసామగ్రి కొట్టు. పసుపు, కుంకుమ, కర్పూరం, వత్తులు, దీపారాధన నూనె, ఇత్తడి కుందులు అన్నీ దొరుకుతాయి. బేరం దగ్గర కూర్చున్న మామయ్యగారిని చూస్తే ఇంత మెత్తని మనిషి జిల్లాలోనే ఉండరనిపిస్తుంది. రండమ్మా, కూర్చోండమ్మా, మంచినీళ్ళు తాగుతారా అమ్మా అంటూ ముక్కూ మొహం తెలియని వాళ్ళకి కుర్చీ వేస్తారు. పై వాటాలో ఇంకో అమ్మ ఉందని, ఆవిడ తన భార్యేనని మాత్రం సాయంత్రం పూట ఆయనకు గుర్తుండదు. నేను ఆయన కోడల్ని, పూజితని. మాది కొవ్వూరు. నాకు నోరు కాస్త పెద్దదని పెళ్ళిచూపుల్లోనే మా అమ్మ చెప్పేసింది, కాబట్టి ఇప్పుడు నన్ను ఎవరూ ఏమీ అనడానికి లేదు.

కింద కొట్టు, పైన కాపురం. మెట్లు కొట్టు వెనకనుంచి రెండు గోడల మధ్యగా పైకి పోతాయి. కిటికీ లేదు, మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ చీకటే. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్ళాలన్నా ఆ మెట్లు దిగి, కొట్టులోంచి, గల్లాపెట్టె పక్కనుంచి, మామయ్యగారి కళ్ళముందు నుంచే వెళ్ళాలి. మెట్లకి ఒకే బల్బు, బల్బుకి ఒకే స్విచ్చి. ఆ స్విచ్చి కింద, ఆయన కుర్చీ పక్కన గోడకి ఉంది. పైన కూడా ఒకటి ఎందుకు పెట్టించలేదని కొత్త కోడలిగా ఉన్నప్పుడు అడిగాను. పైన ఉండేది ఆడవాళ్ళే కదమ్మా అన్నారు. అంత చక్కని జవాబు వచ్చాక ఇంకేం అడుగుతాం.

ఆ బల్బుకి ఇంకో గొప్పతనం ఉంది. మామయ్యగారి నాన్నగారి హయాంలో ఇంటికి కరెంటు వచ్చినప్పుడు మొట్టమొదట వెలిగింది అక్కడేనట. అందుకని దీపాలవేళ కొట్టులో అన్నిటికన్నా ముందు వెయ్యాల్సింది ఆ లైటే. బజారులో అన్ని కొట్లలోనూ ఉన్న ఆచారమే ఇది. చీకటి పడే వేళకి యజమాని లైటు వేసి, కళ్ళు మూసుకుని, వెలుగుకి దణ్ణం పెట్టి, గల్లాపెట్టెని తాకి కళ్ళకద్దుకుంటాడు. ఆ కాసేపూ బేరం ఉండదు, చిల్లర ఇవ్వరు. మామయ్యగారు స్విచ్చిని టక్కున కిందకి నొక్కి, "అమ్మా లక్ష్మీ" అని చేతులు జోడిస్తారు. మా ఇంట్లో ఎవరూ లైటు ఆర్పమని అనకూడదు, తియ్యమని అనాలి. ఆర్పడం అంటే లక్ష్మీదేవి నొచ్చుకుంటుందట. మెట్ల మీద మనిషి పడితే ఆ తల్లికి పెద్దగా పట్టింపు లేదనుకుంటాను.

అత్తయ్యగారు జగదాంబ నరసాపురం ఆడపడుచు. మంచి గొంతు. పెళ్ళికి ముందు నవరాత్రుల్లో ఆవిడ మంగళహారతి పాడుతుంటే ప్రసాదం పుచ్చుకున్న వాళ్ళు కూడా కదలకుండా నిలబడేవారట. పెనుగొండ వచ్చాక కూడా ఆ గొంతు బజారు వాళ్ళంతా ఎరుగుదురు, కాకపోతే వాళ్ళు విన్నది ఒక్క ముక్కే: "ఏవండీ, లైటండీ." పై మెట్టు మీద నిలబడి ఆవిడ పిలవాలి. కిందనుంచి వేస్తున్నా అని జవాబు వస్తుంది, లైటు రాదు. మళ్ళీ పిలవాలి. ఎట్టకేలకు వేస్తారు. గాజుల చప్పుడు విని, ఈపాటికి దిగేసి ఉంటుందని అంచనా కట్టి తీసేస్తారు. అప్పటికి ఆవిడ సగం మెట్ల మీద ఉంటారు. కరెంటు ఆదా చెయ్యాలి కదా మరి, దేశమంతా ఆ ఒక్క బల్బు మీదే ఆధారపడి ఉంది.

కిందటి కార్తీకమాసంలో ఒక సాయంత్రం కొట్టు నిండా యాత్రికులు. అత్తయ్యగారు గుడికి బయల్దేరారు. అంతమంది కొత్తవాళ్ళ ముందు లైటు లైటు అని కేకెయ్యడానికి సిగ్గుపడి, చీకట్లోనే దిగారు. కాలు జారి కుడి మణికట్టు విరిగింది. తణుకు తీసుకెళ్ళి కట్టు కట్టించాం. మామయ్యగారు బాధపడని క్షణం లేదు. పిలిస్తే వేసేవాణ్ణి కదే అని వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ దారి పొడవునా ఆవిడనే ఓదార్చారు.

కట్టు విప్పాక చెయ్యి బాగుపడింది గానీ ఆవిడ మెట్లు దిగడం మానేశారు. శుక్రవారం సాయంత్రాలు గుడిలో హారతి పాట అందుకోమని ఆడవాళ్ళు ఇంటికొచ్చి మరీ అడిగితే, మోకాళ్ళ నొప్పులని చెప్పి పంపేశారు. ఆవిడ మోకాళ్ళకి ఏ నొప్పీ లేదు. అది భయం. పై మెట్టు దాకా వచ్చి, గోడ పట్టుకుని, ఆ చీకట్లోకి కాసేపు చూసి వెనక్కి వెళ్ళిపోయేవారు. ఇలాగే వదిలేస్తే ఈ మనిషి ఇంక బజారు మొహం చూడరని నాకు అర్థమైపోయింది. ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. నాకు కోపమే బాగా అలవాటు కాబట్టి దానితోనే పని మొదలుపెట్టాను.

టార్చిలైటు కొనిస్తానని మామయ్యగారు ఉదారంగా ముందుకొచ్చారు. ఆవిడ ఒక చేత్తో గోడ పట్టుకోవాలి, ఒక చేత్తో హారతి పళ్ళెం పట్టుకోవాలి. మూడో చెయ్యి కూడా కొనిస్తే టార్చి పట్టుకుంటారని చెప్పాను. మా ఆయన నా వైపు చూసి దగ్గారు. మా ఆయన ఉదయ్‌భాస్కర్ బ్యాంకులో ఉద్యోగం చేస్తారు. ఆయన దృష్టిలో అమ్మ చెప్పిందీ రైటే, నాన్న చెప్పిందీ రైటే, నేను చెప్పింది మరీ రైటు. అలాంటి మనిషి చేత పై మెట్టు దగ్గర ఇంకో స్విచ్చి పెట్టిద్దాం నాన్నా అని ఒక్క వాక్యం పలికించడానికి నేను మా పుట్టింటికి రెండుసార్లు బట్టలు సర్దాల్సి వచ్చింది.

అలా కరెంటు మేస్త్రి వీరబ్రహ్మం మా ఇంటికి వచ్చాడు. చేతికన్నా నోటికి ఎక్కువ పని చెప్పే మనిషి. కొట్టులో కూర్చుని, కాఫీ తాగి, ఒకే లైటుని కిందనుంచీ పైనుంచీ కూడా వేసి తియ్యడానికి టూవే స్విచ్చులని వేరే ఉంటాయని మొదలుపెట్టాడు. మామయ్యగారు వెంటనే అడ్డుపడ్డారు. మామూలు స్విచ్చే ఇంకొకటి పైన బిగిస్తే సరిపోతుంది కదా, వేరే రకం ఎందుకన్నారు. వీరబ్రహ్మం చెప్పాడు: మామూలువి ఒకదాని వెనక ఒకటి కలిపితే రెండూ వేసి ఉంటేనే లైటు వెలుగుతుంది, పక్కపక్కన కలిపితే ఒకరు వేసింది ఇంకొకరు తియ్యలేరు. మామూలు స్విచ్చికి రెండు కాళ్ళుంటాయి, టూవేకి మూడుంటాయి. కింద స్విచ్చి మధ్యకాలికి కరెంటు ఇస్తారు. మిగతా రెండు కాళ్ళ నుంచి రెండు వైర్లు పై స్విచ్చి కాళ్ళకి వెళతాయి. పై స్విచ్చి మధ్యకాలి నుంచి బల్బుకి. రెండు స్విచ్చులూ ఒకే వైరు వైపు తిరిగి ఉంటే లైటు వెలుగుతుంది, చెరో వైరు వైపు ఉంటే వెలగదు. సంసారం చేసిన వాళ్ళకి ఇది ఇంత వివరంగా చెప్పక్కర్లేదు.

మామయ్యగారు అంతా విని, రెండు వైర్లెందుకు ఒకటి చాలదా అన్నారు. వైర్ల కోసం గోడకి గాడి కొట్టడానికి వీల్లేదు, మా నాన్నగారు కట్టించిన గోడ అన్నారు. సరేనని గోడ పైనుంచే ప్లాస్టిక్ పట్టీలో వైర్లు వెయ్యడానికి ఒప్పందం కుదిరింది. మంగళవారం వద్దన్నారు, రాహుకాలం వద్దన్నారు. ఇంత నిష్ఠగా నా పెళ్ళి ముహూర్తం కూడా పెట్టలేదు. మొత్తానికి ఒక బుధవారం పొద్దున్న పని పూర్తయింది. మా ఆయన కింద నిలబడ్డారు, అత్తయ్యగారిని పై స్విచ్చి నొక్కమన్నాం.

ఆవిడ నొక్కారు. మెట్లన్నీ కనిపించాయి. తీశారు, మళ్ళీ వేశారు, మళ్ళీ తీశారు. తర్వాత వేసి, గోడ పట్టుకుని మెల్లగా కొట్టు దాకా దిగి, కింద స్విచ్చితో తీసి, వేసి, తిరిగి పైకి వచ్చేశారు. ఆవిడకి కింద ఏ పనీ లేదు. ఊరికే వెళ్ళొచ్చారు, అంతే. పైకొచ్చాక ఆవిడ మొహం చూసి నాకు కడుపు నిండిపోయింది. కిందనుంచి మాత్రం బిల్లు ఎవరు కడతారన్న మాట వినిపించింది.

రెండు రోజులు ఇల్లు బాగుంది. శుక్రవారం వచ్చింది. అత్తయ్యగారు పట్టుచీర కట్టుకుని, హారతి పళ్ళెం పట్టుకుని, పైన లైటు వేసుకుని బయల్దేరారు. నేను పై మెట్టు మీద నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే కింద మామయ్యగారికి దీపాలవేళ అయింది. ఆయన ఎప్పటిలాగే వీధి వైపు తిరిగి కూర్చుని, చూడకుండానే చెయ్యి వెనక్కి చాచి స్విచ్చిని టక్కున నొక్కారు. వెలుగుతున్న లైటు కాస్తా పోయింది. ఆయన అప్పటికే కళ్ళు మూసుకుని ఇటు తిరిగి, అమ్మా లక్ష్మీ అని, కటిక చీకటికి భక్తిగా దణ్ణం పెట్టారు.

కళ్ళు తెరిచి కరెంటు పోయిందనుకున్నారు. ఎదురుకొట్టులో లైట్లు వెలుగుతున్నాయి. అప్పుడు సంగతి బోధపడింది. శుక్రవారం పూట, దీపాలవేళ, తన చేత్తో తనే ఇంటి దీపం తీసేశారు. మళ్ళీ నొక్కి లైటు వేసి, మెట్ల వైపు చూసి గుడ్లురిమారు. అక్కడ అత్తయ్యగారు మెట్ల మధ్యలో గోడకి అతుక్కుపోయి ఉన్నారు. పళ్ళెంలో కుంకుమంతా చీర మీద ఒలికింది. పడ్డావా అని ఆయన అడగలేదు. నన్ను అడక్కుండా లైటెవరు వెయ్యమన్నారు, ఇంటికి అరిష్టం తెచ్చిపెట్టావు అన్నారు. ఆవిడ గుడికి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి పైకి వచ్చేశారు, చీర మార్చుకుని బియ్యం ఏరుతూ కూర్చున్నారు.

మర్నాడు వీరబ్రహ్మానికి కబురెళ్ళింది. పైనుంచి ఎవరు ఎన్నిసార్లు నొక్కినా సరే, తన స్విచ్చి కిందకి నొక్కితే లైటు వెలిగేలా చెయ్యమని మామయ్యగారి ఆజ్ఞ. వీరబ్రహ్మం తల గోక్కుని, "ఆయ్, దీనికి ఆన్ అనీ ఆఫ్ అనీ ఉండదండి. వెలుగుతుంటే తీస్తదండి, వెలక్కపోతే వేస్తదండి, అంతేనండి" అన్నాడు. తన కొట్టులో, తన గోడకి, తన కుర్చీ పక్కనున్న స్విచ్చికి ఆన్ లేకపోవడమేంటో మామయ్యగారికి అర్థం కాలేదు. అయితే పైది పీకెయ్యమన్నారు. పీకి మళ్ళీ పాతలా కలపాలంటే వచ్చేవారం గానీ కుదరదని వీరబ్రహ్మం వెళ్ళిపోయాడు. కర్పూరం డబ్బాల పెట్టెలకి వేసే బ్రౌన్ టేపు తీసుకుని మామయ్యగారు స్వయంగా పైకొచ్చి, పై స్విచ్చి మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అంటించారు. అంత శ్రద్ధగా ఆయన ఏ పార్సిలూ కట్టగా నేను చూడలేదు.

మా ఆయన యథాప్రకారం ఇద్దరికీ నచ్చే మార్గం కనిపెట్టారు. అమ్మ పిలిస్తే నాన్న ఆలస్యం చెయ్యకుండా వేస్తారట. అంటే మూడు కాళ్ళ స్విచ్చులు, రెండు వైర్లు, ప్లాస్టిక్ పట్టీ, నా పుట్టింటి ప్రయాణాలు అన్నీ అయ్యాక ఎక్కడ బయల్దేరామో అక్కడికే క్షేమంగా చేరాం. ఆ పూట నేను మా ఆయనకి భోజనం వడ్డించలేదు. అత్తయ్యగారు మాత్రం పై మెట్టు దాకా వచ్చి, ఆ టేపు వైపు చూసి, మళ్ళీ వెనక్కి వెళుతూ ఉండేవారు. ఆవిడ ఇంక దిగరని నేను ఆశ వదిలేసుకున్నాను.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. సాయంత్రం నేను వంటింట్లో ఉండగా టేపు చిరిగిన చప్పుడు వినిపించింది. వచ్చి చూస్తే అత్తయ్యగారు స్విచ్చి మీది టేపు గోటితో లాగేసి, ఉండచుట్టి నా చేతిలో పెట్టారు. లైటు వేశారు. హారతి పళ్ళెం తీసుకుని దిగడం మొదలుపెట్టారు. నేను వెనకాలే వస్తానంటే వద్దని చేత్తోనే చెప్పారు.

కింద ఎక్కడివాళ్ళో ఒక కుటుంబం ఇత్తడి కుందులు చూస్తున్నారు. కిందటివారం దెబ్బకి మామయ్యగారు ఇప్పుడు చూసి మరీ నొక్కుతున్నారు. చెయ్యి స్విచ్చి మీద పెట్టి తల తిప్పేసరికి బల్బు అప్పటికే వెలుగుతోంది, అత్తయ్యగారు మెట్ల మధ్యలో ఉన్నారు. ఆయన కోప్పడలేదు, ఎదురుగా బేరం ఉంది. ఎంతో తెలివైన ఉపాయం ఆలోచించారు.

"కదలకుండా అక్కడే నిలబడు. ఒక్క క్షణం తీసేసి మళ్ళీ నేను వేస్తాను."

అత్తయ్యగారు ఆగారు. గోడ మీద చెయ్యి అలాగే ఉంది.

"వద్దండి," అన్నారు. "అప్పుడు నేను పడింది కూడా ఒక్క క్షణంలోనే."

"ఒక్కసారేనే. ఆచారం."

"రోజూ పొద్దున్న మీకంటే ముందు చీకట్లో దిగి, కింద ఈ లైటు వేసేది నేనండి. అప్పుడు మీరు దిగుతారు. రాత్రి మీరు పైకొచ్చేశాక మళ్ళీ కిందకెళ్ళి, లైటు తీసి, చీకట్లో ఎక్కేదీ నేనే. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి చెయ్యి విరిగే దాకా అంతే. ఈ మెట్లు చీకట్లో ఎలా ఉంటాయో మీకు తెలీదండి. ఇప్పుడు నేను మధ్యలో ఉన్నాను. తీస్తే తియ్యండి."

ఆవిడ గొంతు పెంచలేదు. లెక్క మాత్రం సరైనదే. స్విచ్చి కిందే ఉన్నప్పుడు పొద్దున్న ఎవరో ఒకరు చీకట్లో దిగాలి, రాత్రి ఎవరో ఒకరు చీకట్లో ఎక్కాలి. ఆవిడ చేతికి కట్టు ఉన్న రోజుల నుంచి ఆ పని ఫోను టార్చితో నేను చేస్తున్నాను. మామయ్యగారికి మాత్రం లైటు తనంతట తనే వెలిగి ఉన్నట్టు, తనంతట తనే నిద్రపోయినట్టు అనిపించేదేమో. కుందులు చూస్తున్న వాళ్ళు చూడ్డం మానేశారు. ఆయన బొటనవేలు స్విచ్చి మీద ఉంది. ఆ చెయ్యి కదిలి ఉంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆయన చెయ్యి తీసేశారు. అత్తయ్యగారు మిగతా మెట్లు దిగి, కొట్టులోంచి, అందరి ముందునుంచి, చెప్పులేసుకుని గుడికి వెళ్ళిపోయారు. మామయ్యగారు కుందుల వాళ్ళ వైపు తిరిగి, మా ఇంటావిడ గుడిలో హారతి పాడుతుందండి, నేనే పంపిస్తున్నాను అన్నారు. ఆయన కోలుకున్నారని నాకు తెలిసింది.

కానీ లోపల పొడుచుకుంటూనే ఉన్నట్టుంది. మర్నాడు తెల్లవారకముందే, నేను చీపురు తీసుకుని ఇంకా బయల్దేరకముందే, ఆయన లేచి మెట్ల దగ్గరికి వచ్చారు. పుట్టి పెరిగిన ఇల్లు, చిన్నప్పటి నుంచి గెంతిన మెట్లు, వీటికి లైటేంటి అని ఎవరికీ కాకుండా అన్నారు. స్విచ్చి కేసి చూసి, నొక్కకుండానే ఆ చీకట్లోకి దిగారు. అత్తయ్యగారూ నేనూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాం. కాసేపు అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత చేత్తో గోడ తడుముకుంటున్న చప్పుడు. తర్వాత ఏమీ వినిపించలేదు.

"ఏమే," అన్నారు మామయ్యగారు ఆ గోడల మధ్యనుంచి, కొట్టులో ఎన్నడూ వినని గొంతుతో. "లైటు..."

నేనైతే తల దువ్వుకుని, జడ వేసుకుని, కాఫీ తాగి, గ్లాసు కడిగి, అప్పుడు వేసేదాన్ని. అత్తయ్యగారు పరిగెత్తుకెళ్ళి, ఆయన మాట పూర్తి కాకముందే వేసేశారు. నాకు ఆవిడ మీద ఇప్పటికీ కోపం తగ్గలేదు.